62 మీద స్కూట్

గిద్దలూరు దాటి దిగువమెట్ట వైపు పోతుంటే, రోడ్డుకు కనబడని మామిడితోట. మే నెల మధ్యాహ్నం. పట్ట మీద ఆరుగురు కూర్చున్నారు, వాళ్ల వెనక మీరు నిలబడ్డారు. రమ్మీలో 101 ఆట: లెక్క 101కి చేరినవాడు ఔట్. తలా 200 రూపాయలు, మొత్తం 1,200. సిగరెట్టు అట్ట మీద లెక్క రాస్తున్నారు.

మీ ముందున్నాయనది మార్కాపురం, పలకల మిల్లులో పని. గోళ్ల సందుల్లో బూడిదరంగు పొడి. ఆయన లెక్క 62. ముక్కలు విప్పాడు: జోకరు లేదు, వరస లేదు, రాజులూ రాణులూ మాత్రం దండిగా ఉన్నారు.

"ఏంది మావా, ఆలోచన?"

"గమ్మునుండ్రా."

స్కూట్ కొడితే, అంటే ఆడకుండా ముక్కలు పారేస్తే, 20 పడి 82 అవుతుంది. ఇక మళ్లీ స్కూట్ లేదు. ఆడి ఓడి ఫుల్లు పడితే 80, ఇప్పుడే ఇంటికి. ముక్కలు కింద పడేశాడు. సున్నా మీదున్నవాడు ఐదుసార్లు పారేసినా 100 దగ్గర బతికే ఉంటాడు. ఈయనకి అదే 20 ఆఖరి ఊపిరి. లాస్ వెగాస్‌లో 10 వేల డాలర్లు కట్టి వరల్డ్ సిరీస్ పోకర్ మెయిన్ ఈవెంట్ ఆడేవాళ్ల చిప్పులదీ ఇదే సంగతి: అన్నిటికీ ఒకే విలువ ఉండదు.

పక్క చెట్టు కింద పాయింట్ల ఆట, పాయింటు 2 రూపాయలు. అక్కడ స్కూట్ ఎప్పుడైనా 40 రూపాయలే, ఫుల్లు 160. చేతిలో ముక్కలు చూసుకుని తేల్చుకోవచ్చు, ఎప్పుడంటే అప్పుడు లేవొచ్చు. ఆట తెలిసినవాడికి ఇదే లాభం. కానీ లేచేవాళ్లేరీ? లారీ డ్రైవరు మళ్లీ జేబు తడుముకుంటున్నాడు. 101లో ఓడినవాణ్ణి ఆటే లేపేస్తుంది.

ఇటువైపు ఇద్దరే మిగిలారు. మిల్లాయన 96, కుర్రాడు 40.

"మావా, నాకు మూడు స్కూట్లున్నాయి, నీకు ఒక్కటీ లేదు. 900 నాకు, 300 నీకు. పంచుకుందామా?"

మిల్లాయన 300 తీసుకుని చెప్పులేసుకున్నాడు. కుర్రాడు తన 900తో పాయింట్ల పట్ట దగ్గరికి నడిచాడు.

దూరంగా బైకు చప్పుడు. పోలీసులేమోనని అందరూ తలలు తిప్పారు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట (1967) నిజమే గానీ, తోటలో పట్టుబడ్డవాడికి ఆ మాట ఎంతవరకు అక్కరకొస్తుంది? ఫోనులో డబ్బు పెట్టి ఆడే రమ్మీని మన రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో నిషేధించాయి.

ఈ రెండు ఆటల్లో నన్ను అడిగితే 101 మేలు. పోయేదెంతో కూర్చునే ముందే తెలుస్తుంది.