డిస్కు శస్త్రచికిత్సయు, మధుమేహియు: పశ్చిమ ప్రకాశము నుండి ఒక పరిశీలన

మార్కాపురపు పలకల గనులలో దినమెల్ల వంగి రాతిపొరలను విడదీయువారికిని, గిద్దలూరు, కంభము ప్రాంతపు చేలలో మిరపబస్తాలను మోయువారికిని నడుమునొప్పి చిరపరిచితమైన బాధ. నడుమున పుట్టి, పిరుదు మీదుగా పాదము దాక ప్రాకెడి నొప్పిని ఆయుర్వేదము గృధ్రసి యని పేర్కొని వాతవ్యాధులలో చేర్చినది. 1764లో ఇటలీ వైద్యుడు కొటున్యో అది నాడికి సంబంధించినదని గ్రంథరూపమున వివరించెను. అయినను వెన్నుపూసల నడుమ దిండువలె నుండు డిస్కు చిట్లి, వెలికుబికి, నాడిని నొక్కుటయే తరచుగా దీనికి మూలమని వైద్యలోకము గ్రహించినది 1934లో, బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ తమ శస్త్రచికిత్సానుభవమును ప్రకటించిన పిమ్మటనే.

వెన్నెముక వెనుకభాగపు ఎముకను విశాలముగ తొలగించి, చిట్లిన ముక్కను తీసివేయుట నాటి పద్ధతి. 1922లో ఇన్సులిన్ వాడుకలోనికి రాకపూర్వము మధుమేహికి పెద్ద శస్త్రచికిత్స ఏదైనను ప్రాణసంకటమే. అది వచ్చిన పిదపనే అట్టివారి వెన్నుపై కత్తి పెట్టుటకు ధైర్యము కలిగెను. దక్షిణదేశమున 1949లో వెల్లూరునందు జేకబ్ చాందీ, 1950లో మద్రాసునందు రామమూర్తి, పిదప విశాఖపట్నమున బాలపరమేశ్వరరావు నాడీశస్త్రవైద్యమునకు పాదు వేసిరి. కర్నూలు జిల్లా నుండి 1970లో క్రొత్త ఒంగోలు (పిదప ప్రకాశము) జిల్లాలో చేరిన మార్కాపురము, గిద్దలూరు తాలూకాల వారికి ఆ నగరములన్నియు దూరమే. వెన్ను ఆపరేషను కావలసినవారు గుంటూరు-నంద్యాల రైలుమార్గమునో, ఒంగోలు బస్సునో ఆశ్రయింపవలసినదే.

తరువాతి చరిత్ర గాయము కుదించుకొనిపోయిన చరిత్ర. 1960ల దశకమున బొప్పాయిపాల నుండి తీసిన కైమోపపైన్‌ను సూదితో ఎక్కించి డిస్కును కరిగింపజూచిరి. తీవ్రమైన ఎలర్జీ మొదలగు ఉపద్రవముల వలన అది క్రమముగ మరుగుపడెను. 1977లో యాసార్గిల్, కాస్పర్ సూక్ష్మదర్శిని సాయమున చిన్నకోత నుండియే పని నెరవేర్చు విధానమును వెల్లడించిరి. 1997లో ఫోలీ, స్మిత్ గొట్టము ద్వారా ఎండోస్కోపు పంపిరి. ప్రక్కనుండి ప్రవేశించు ఎండోస్కోపీని పూర్తి మత్తు లేకయే, ఆ చోటు మాత్రము తిమ్మిరెక్కించి జరుపవచ్చును. చిన్నగాయము త్వరగ మానుననుట, చీము పట్టు భయము తగ్గుననుట మధుమేహికి ఆకర్షణీయములే. అయితే నాడిపై ఒత్తిడి తొలగించుటలో సూక్ష్మదర్శిని పద్ధతియు ఎండోస్కోపీయు దాదాపు సమానములు, డిస్కు మరల చిట్లు ప్రమాదము రెంటను కలదు. స్క్రూలు బిగించి పూసలను అతికించు ఫ్యూజను మాత్రము, ఎముక మెల్లగ అతుకుకొనుచు చీము సులభముగ చేరు మధుమేహికి భారమైనది. పూసలు స్థానము తప్పనిచో, మొదటిసారి చిట్లిన డిస్కుకు సాధారణముగ దాని యవసరము లేదు.

కోత చిన్నదైనంత మాత్రమున ఫలితము పెద్దది కాలేదు. వెన్ను శస్త్రచికిత్సలలో మధుమేహులకు మేలు తక్కువగ జరుగుటను 1993లో సింప్సన్ బృందము చూపెను. 2011లో వెలువడిన ‘స్పోర్ట్’ అను అమెరికా పరిశీలన, డిస్కు చిట్లిన మధుమేహులకు శస్త్రచికిత్స వలన, ఇతర చికిత్సల కంటె చెప్పుకోదగిన అధికలాభము కనబడలేదని తెలిపెను. చక్కెర చేత ముందే దెబ్బతిన్న నాడి, ఒత్తిడి తొలగినను పూర్తిగ కోలుకొనజాలకుండుట ఇందుకొక కారణము కావచ్చును.

ఈ సీమలో రోగనిర్ణయము మరింత జటిలము. 1937లో మద్రాసు రాజధాని వైద్యులు ఫ్లోరైడు నీటి వలన కలుగు ఫ్లోరోసిస్‌ను వర్ణించినది నాటి నెల్లూరు జిల్లాలో. ఈ సీమలోని కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోనివే. రెండు పాదముల మంట షుగరు వలనను, వెన్ను బిగిసి నాడీమార్గము ఇరుకగుట ఫ్లోరైడు నీటివలనను, ఒక కాలిలోనికి దిగు పోటు డిస్కు వలనను కావచ్చును. ఒకే రోగియందు మూడును కలిసినచో ఎం.ఆర్.ఐ. చిత్రమొక్కటియే సత్యము చెప్పజాలదు.

కావున ఈ చరిత్ర నేర్పునది, ఏ కత్తి మేలని యడుగుటకు ముందు ఆ నొప్పి ఏ కారణము వలన కలిగినదో తేల్చుకొనవలెనని. పెక్కుమందికి ఆరు నుండి పండ్రెండు వారములలో నొప్పి దానంతట తగ్గును. ఆ వ్యవధిలో చక్కెరను అదుపునకు తెచ్చుకొనవచ్చును, వెన్నులో వేయు స్టెరాయిడు సూది దానిని పెంచునని మరువరాదు. అయితే మూత్రము బిగిసినను, మర్మస్థానము మొద్దుబారినను, పాదము నానాటికి వ్రాలిపోవుచున్నను ఆ నిరీక్షణ తగదు. అప్పుడు చక్కెర అంకె తగ్గువరకు ఆగక, ఇన్సులిన్ ఎక్కించుచునే శస్త్రచికిత్స చేయవలెను. పెద్దాసుపత్రి దూరమైన గిద్దలూరు సీమవాసికి ఈ లక్షణములు ముందుగ తెలిసియుండుట, ఏ క్రొత్త పరికరము కంటెను ఎక్కువ రక్ష.