ఇంటి లోనూ, 75 శాతం షరతూ

మన ఐటీ జనాల్లో ఇంటి లోను లేనివాళ్లు అరుదు. ఈఎంఐ తేదీ అందరికీ కంఠతా వచ్చు. కట్టలేకపోతే ఏమవుతుందో చదివినవాళ్లు ఎంతమంది?

2002కి ముందు తాకట్టు ఇంటిని అమ్మాలంటే బ్యాంకు సాధారణంగా కోర్టుకో, రుణ వసూలు ట్రిబ్యునల్‌కో వెళ్లాల్సి వచ్చేది. ఏళ్లు పట్టేది. ఆ ఏడాది వచ్చిన సర్ఫేసీ చట్టం ఆ బాధ తప్పించింది: 60 రోజుల నోటీసు, ఆ తర్వాత స్వాధీనం. ఎగవేతదారుల కోసం తెచ్చారు, సరే. కానీ ఇది అన్యాయమని ట్రిబ్యునల్‌కి చెప్పుకోవాలంటే, బ్యాంకు అడిగిన బాకీలో 75 శాతం ముందే కట్టాలట! అంత డబ్బే ఉంటే ఇల్లెందుకు పోతుందండీ?

2004 ఏప్రిల్‌లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ షరతుని కొట్టేసింది. చట్టాన్ని మాత్రం నిలబెట్టింది. కేసు వేసింది కంపెనీలు. లాభం మనలాంటి ఫ్లాటు ఓనర్లకి కూడా. నోటీసు మీద మీరు అభ్యంతరం రాస్తే బ్యాంకు కారణాలు చెప్పి తీరాలని కూడా అంది. ఆ ఏడాదే అది చట్టంలోకి ఎక్కింది (ఇప్పుడు జవాబుకి గడువు 15 రోజులు).

బాకీ తీర్చి తాకట్టు విడిపించుకునే హక్కు ఇంకా పాతది, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. సర్ఫేసీలో మొదట అమ్మకం తేదీ దాకా ఆ వీలుండేది. 2016 సవరణ దాన్ని వేలం ప్రకటనకి ముందుకి జరిపేసింది. 2023లో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. నాకు మింగుడు పడనిది ఇదే. పేపర్లో ప్రకటన చూశాకే కదా చాలామంది డబ్బు కోసం బంధువుల ఇళ్లకి పరిగెత్తేది!