చిన్న వ్యాపారంలో పద్దు పుస్తకాలు: చిట్టా, ఆవర్జా, అంకణా

అమ్మకం, కొనుగోలు, వసూలు, చెల్లింపు ఏది జరిగినా అదే రోజు రాసిపెట్టి, తర్వాత ఎవరి ఖాతాలోకి వారిది ఎక్కించి, గడువు ముగిశాక లాభమో నష్టమో తేల్చుకునే పద్ధతిని పద్దుల నిర్వహణ అంటారు. ఇందులో ముఖ్యమైన పుస్తకాలు రెండు. తేదీల వరసన రాసేది చిట్టా, ఖాతాల వరసన రాసేది ఆవర్జా. ఆవర్జాలో తేలిన నిల్వలన్నిటినీ ఒకచోట వేసి రెండు వైపులా కూడి చూసుకునే పట్టికను అంకణా అంటారు. కిరాణా కొట్టుకైనా రైసు మిల్లుకైనా ఇవే పుస్తకాలు, కాకపోతే మిల్లులో పుటలు ఎక్కువ.

గల్లాపెట్టెలో డబ్బు కనబడితే వ్యాపారం బాగున్నట్టే అనుకునే వర్తకులు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. పెట్టెలోని డబ్బులో సరుకు ఇచ్చినవాడికి కట్టాల్సింది ఎంత, పెట్టుబడి ఎంత, నిజంగా మిగిలింది ఎంత అన్నది పెట్టెను చూస్తే తెలియదు. అది తెలుసుకోవడానికే పద్దు పుస్తకాలు రాస్తారు.

చరిత్ర

ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాసే జంటపద్దు విధానం ఇటలీ రేవు పట్టణాల వర్తకుల చేతుల్లో రూపు దిద్దుకుంది. జెనోవా నగరపాలనకు చెందిన 1340 నాటి ఖాతా పుస్తకాల్లో ఈ పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. బెనెడెట్టో కోట్రుల్యి 1458లోనే దీని గురించి రాశాడు కానీ ఆ రచన 1573 దాకా అచ్చుకాలేదు. ఈలోగా 1494లో వెనిస్‌లో అచ్చయిన గణిత గ్రంథంలో లూకా పచోలీ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి వర్తకుల లెక్కల మీద ఒక భాగం చేర్చాడు. పేరు ఆయనకే దక్కింది. పచోలీ ఈ విధానాన్ని కనిపెట్టలేదు, వెనిస్ వర్తకులు అప్పటికే చేస్తున్నదాన్ని వివరించాడంతే. ఆయన చెప్పిన పుస్తకాలు మూడు: జరిగింది జరిగినట్టు రాసుకునే కచ్చా పుస్తకం, చిట్టా, ఆవర్జా. మన కొట్లలో కచ్చా చిట్టా, పక్కా చిట్టా అని విడివిడిగా పెట్టుకోవడం కూడా ఇదే వరస.

మన దేశంలో పాత వర్తకులది వేరే సంప్రదాయం. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడవాటి బహీ పుస్తకాల్లో గీతలు ఉండవు, కాగితం మడతలే గడులుగా పనికొస్తాయి. మనిషి ఖాతాలో ఎడమవైపు జమ, కుడివైపు అతని పేరున పడే బాకీ రాస్తారు. ఇంగ్లిషు పద్ధతి ఆవర్జాలో ఇది తారుమారై డెబిట్ ఎడమకు, క్రెడిట్ కుడికి వస్తాయి. పాత పుస్తకాలు తిరగేసే కొత్త గుమస్తా మొదట తికమకపడేది ఇక్కడే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా మొత్తం గడిలో రూపాయలు, అణాలు, పైలు అని మూడు భాగాలుండేవి. 12 పైలు ఒక అణా, 16 అణాలు ఒక రూపాయి. ఆ మూడు గడులనూ నోటితో కూడుకుంటూ పోయిన గుమస్తాల నేర్పు ఇప్పటివాళ్ళకు నమ్మశక్యం కాదు. దీపావళికి కొత్త పుస్తకాలకు పూజ చేసే ఆచారం మార్వాడీ, గుజరాతీ వర్తకుల్లో నేటికీ ఉంది. పన్నుల లెక్కకు మాత్రం అందరికీ సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది.

డెబిట్, క్రెడిట్

ఖాతాలను పాఠ్యపుస్తకాలు మూడు రకాలుగా విడదీస్తాయి. మనుషులు, సంస్థలు, బ్యాంకుల పేర్లతో ఉండేవి వ్యక్తిగత ఖాతాలు. పుచ్చుకున్నవారికి డెబిట్, ఇచ్చినవారికి క్రెడిట్. నగదు, సరుకు, సామగ్రి వంటివి వాస్తవిక ఖాతాలు. వచ్చినదానికి డెబిట్, పోయినదానికి క్రెడిట్. అద్దె, జీతాలు, వడ్డీ, కమీషన్ వంటివి నామమాత్రపు ఖాతాలు. ఖర్చులు, నష్టాలు డెబిట్, ఆదాయాలు, లాభాలు క్రెడిట్. ఇంటర్మీడియట్ కామర్స్ విద్యార్థులు బట్టీపట్టే సూత్రాలివి. బట్టీ పట్టినా ఫరవాలేదు, పది పద్దులు రాసేసరికి చేతికి అలవాటవుతాయి.

చిక్కంతా బ్యాంకు దగ్గర వస్తుంది. మనం డబ్బు కడితే బ్యాంకు మన ఖాతాకు క్రెడిట్ చేశామని మెసేజ్ పంపుతుంది. అదే మొత్తాన్ని మన పుస్తకంలో బ్యాంకు ఖాతాకు డెబిట్ రాయాలి. ఎందుకంటే పాస్‌బుక్ బ్యాంకు వాళ్ళ ఆవర్జాకు నకలు. అందులో మనం బ్యాంకుకు అప్పిచ్చినవాళ్ళం.

మూలధనం విషయంలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. పద్దుల లెక్కలో యజమాని వేరు, కొట్టు వేరు. యజమాని పెట్టిన పెట్టుబడి కొట్టు ఆయనకు బాకీ ఉన్న సొమ్ము కాబట్టి మూలధనం క్రెడిట్ వైపు నిలుస్తుంది. ఇంటి ఖర్చుకు తీసుకున్నది సొంతవాడకాల ఖాతాకు డెబిట్ అవుతుంది. తన కొట్లో తాను తీసుకున్న వంద రూపాయలకు కూడా పద్దు రాయాలా అని విసుక్కునేవాళ్ళ పుస్తకాలు ఏనాడూ సరిగా కుదరవు.

ఒక నెల లెక్క

చీరాలలో ఏప్రిల్ 1న ఒకరు చిన్న బట్టల కొట్టు తెరిచారనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి జీఎస్‌టీని పక్కన పెడదాం. పెట్టుబడి రూ. 3,00,000. అందులో రూ. 2,50,000 బ్యాంకులో వేశారు. టోకు వర్తకుడి దగ్గర రూ. 1,80,000 సరుకు అరువుకు తెచ్చారు. బీరువాలు, ర్యాకులకు బ్యాంకు ద్వారా రూ. 40,000 కట్టారు. నెలలో నగదు అమ్మకాలు రూ. 95,000, అరువు అమ్మకాలు రూ. 30,000, అరువు బాపతు వసూలైంది రూ. 12,000. టోకు వర్తకుడికి బ్యాంకు ద్వారా రూ. 1,00,000 చెల్లించారు. అద్దె రూ. 8,000, కరెంటు బిల్లు రూ. 2,000, పనివాడి జీతం రూ. 10,000, ఇంటికి తీసుకున్నది రూ. 15,000. ఇవన్నీ నగదుగా ఇచ్చారు.

చిట్టా పుటలో ఐదు గడులుంటాయి: తేదీ, వివరాలు, ఆవర్జా పుట సంఖ్య, డెబిట్ మొత్తం, క్రెడిట్ మొత్తం. అరువు కొనుగోలును కొనుగోళ్ళ ఖాతాకు డెబిట్ రూ. 1,80,000, టోకు వర్తకుడి ఖాతాకు క్రెడిట్ రూ. 1,80,000 అని రాసి, కింద ‘అరువుపై సరుకు కొన్నందుకు’ అని వివరణ వేస్తారు. ఆవర్జాలోకి ఎక్కించాక మూడో గడిలో పుట సంఖ్య వేయాలి. ఆ గడి ఖాళీగా ఉందంటే పద్దు ఇంకా ఆవర్జాకు ఎక్కలేదని అర్థం.

నెలాఖరుకు ఆవర్జా నిల్వలు ఇలా తేలతాయి. డెబిట్ వైపు నగదు రూ. 1,22,000, బ్యాంకు రూ. 1,10,000, కొనుగోళ్ళు రూ. 1,80,000, సామగ్రి రూ. 40,000, ఖాతాదారుల బాకీలు రూ. 18,000, అద్దె రూ. 8,000, కరెంటు రూ. 2,000, జీతం రూ. 10,000, సొంతవాడకాలు రూ. 15,000. క్రెడిట్ వైపు మూలధనం రూ. 3,00,000, టోకు వర్తకుడికి ఇవ్వాల్సింది రూ. 80,000, అమ్మకాలు రూ. 1,25,000. రెండు వైపులా రూ. 5,05,000. అంకణా కుదిరింది.

ఇప్పుడు గల్లాపెట్టె, బ్యాంకు కలిపి రూ. 2,32,000 ఉంది. చూడటానికి నిండుగానే ఉంటుంది. రాత్రి కూర్చుని మిగిలిన సరుకును కొన్న ధర ప్రకారం లెక్కిస్తే రూ. 90,000 తేలిందనుకుందాం. అంటే అమ్మిన సరుకు ఖరీదు రూ. 90,000, స్థూల లాభం రూ. 35,000. అద్దె, కరెంటు, జీతం కలిపి రూ. 20,000 తీసేస్తే నికర లాభం రూ. 15,000. ఇంటికి వాడుకున్నదీ సరిగ్గా అంతే! ఆస్తి అప్పుల పట్టీలో ఆస్తులు రూ. 3,80,000, అప్పు రూ. 80,000; మూలధనం మొదటి రోజున ఎంతో ఇప్పుడూ అంతే. బీరువాల మీద ఏడాదికి 10 శాతం తరుగుదల వేస్తే నెలకు రూ. 333 చొప్పున ఈ కొట్టు పెట్టుబడిని తినడం మొదలుపెట్టినట్టే. ఈ సంగతి పెట్టెలోని నోట్లు లెక్కపెడితే తెలిసేది కాదు.

సరుకు నిల్వ లెక్క ఎంత తేడా వస్తే లాభం అంత తేడా వస్తుంది. నిల్వను కొన్న ధర, మార్కెట్ ధరల్లో ఏది తక్కువైతే దానికే కట్టాలన్నది నియమం. అమ్ముడుపోని పాత డిజైన్లకు అట్టమీది ధర కట్టి సంతోషపడేవాళ్ళకు ఆ సంతోషం మరుసటి ఏడాది కరిగిపోతుంది.

తప్పులు పట్టుకోవడం

అంకణా కుదరకపోతే గుమస్తాలు ముందుగా తేడాను 9తో భాగిస్తారు. శేషం లేకుండా పోతే అంకెలు తారుమారై ఉండవచ్చు: 540 బదులు 450 రాస్తే తేడా 90. తేడాలో సగానికి సమానమైన పద్దు ఎక్కడైనా ఉందేమో కూడా చూస్తారు. డెబిట్ రాయాల్సింది క్రెడిట్ వైపు పడితే తేడా రెట్టింపు కనిపిస్తుంది. అప్పటికీ దొరక్కపోతే తేడాను అనామతు ఖాతాలో ఉంచి, తప్పు దొరికాక సవరణ పద్దు రాస్తారు.

అంకణా కుదిరినంత మాత్రాన లెక్కలన్నీ సరైనవని కాదు. అసలు రాయని పద్దును అది పట్టుకోలేదు. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు ఖాతాదారుల్లో ఒకరి బాకీ ఇంకొకరికి రాసినా అంకణా చక్కగా కుదురుతుంది. అందుకే రోజూ కొట్టు కట్టేసేముందు చేతిలో ఉన్న నగదును నగదు పుస్తకం నిల్వతో, నెలకోసారి బ్యాంకు ఖాతాను పాస్‌బుక్‌తో సరిచూడాలి. యూపీఐ వచ్చాక ఈ రెండో పని పెరిగింది. రోజుకు వందల్లో పడే చిన్న మొత్తాలను విడివిడిగా రాయలేకపోతే రోజు మొత్తాన్ని ఒక పద్దుగా రాసి, వివరాల జాబితాను జతపరచవచ్చు.

అరువు ఖాతా, చట్టం

కొట్లో అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సింది అరువు ఖాతా. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, అరువుకు ప్రత్యేక గడువేదీ పెట్టుకోకపోతే, అమ్మిన సరుకు ధర కోసం సరుకు ఇచ్చిన నాటి నుంచి 3 ఏళ్ళలోపే దావా వేయాలి. ఆ గడువు తీరకముందే బాకీ ఇంత ఉందని ఖాతాదారు సంతకం పెడితే అక్కడి నుంచి గడువు మళ్ళీ మొదలవుతుంది. ఏటా ఉగాదికో మార్చి నెలాఖరుకో ఖాతా చూపించి సంతకం తీసుకోవడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

కోర్టులో పద్దు పుస్తకానికి విలువ ఉంది కానీ అదొక్కటే చాలదు. క్రమం తప్పకుండా రాసిన పుస్తకంలోని పద్దులను సాక్ష్యంగా తీసుకోవచ్చనీ, వాటి ఆధారంగా మాత్రమే ఎవరిమీదా బాధ్యత మోపకూడదనీ 1872 సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా అదే చెబుతోంది. జైన్ హవాలా కేసులో 1998లో సుప్రీంకోర్టు విడి కాగితాలు పుస్తకం కిందికి రావని తేల్చింది. కాబట్టి బిల్లు, రసీదు, డెలివరీ చలానా లేని పద్దు బలహీనమైనదే.

జీఎస్‌టీ 2017 జూలై 1న వచ్చింది. సరుకులు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి రూ. 40 లక్షల టర్నోవర్ కాగా తెలంగాణలో రూ. 20 లక్షలే. సరిహద్దు ఊళ్ళలో వ్యాపారం చేసేవాళ్ళు ఈ తేడా గుర్తుంచుకోవాలి. వసూలు చేసిన పన్ను మన ఆదాయం కాదు. రూ. 1,000 చీరకు 5 శాతం చొప్పున రూ. 1,050 తీసుకుంటే అమ్మకాల ఖాతాకు వెయ్యి మాత్రమే జమ. మిగతా రూ. 50 కేంద్ర, రాష్ట్ర పన్నుల ఖాతాలకు చెరి 25. జీఎస్‌టీ నిబంధనల ప్రకారం పద్దులను చెరపకూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు. తప్పును కొట్టేసి, సంతకం చేసి, పక్కన సరైనది రాయాలి.

ఆదాయపు పన్నులో టర్నోవర్ రూ. 2 కోట్లు మించని చిన్న వర్తకులు అందులో 8 శాతాన్ని, బ్యాంకు లేదా డిజిటల్ మార్గంలో వచ్చిన మొత్తానికైతే 6 శాతాన్ని లాభంగా చూపే సౌకర్యం ఉంది. అలా చూపేవారికి పన్ను చట్టం కింద పుస్తకాల నిర్బంధం లేదు. పై చీరాల కొట్టులాంటి చోట అసలు లాభం ఎంతో ఆ 8 శాతం చెప్పదు కనుక పుస్తకాలు మానేయడం మంచిది కాదు. పుస్తకాల ప్రకారం పన్ను కట్టేవారు ఒకరికి ఒకే రోజు రూ. 10,000 మించి నగదుగా చెల్లిస్తే ఆ ఖర్చును సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి.

కంప్యూటర్ల మీద

బెంగళూరులో 1986లో మొదలైన సంస్థ తెచ్చిన ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఊరూరి ఆడిటర్ ఆఫీసులకూ చేరింది. ‘ట్యాలీ వచ్చా?’ అన్నది అకౌంటెంట్ ఉద్యోగాల్లో మొదటి ప్రశ్నయింది. అరువు బాకీలు రాసుకునే మొబైల్ యాప్‌లు తర్వాత వచ్చాయి. ట్యాలీలో ఓచర్, అంటే పద్దు, రాయగానే ఆవర్జా, అంకణా వాటంతటవే తయారవుతాయి. అయితే సాఫ్ట్‌వేర్ కూడికల తప్పులు చేయదు కానీ ఇంటి ఫ్రిజ్‌ను కొట్టు సామగ్రి కింద రాస్తే అదేమిటని అడగదు. ఏ పద్దు ఏ ఖాతాకో తెలిసిన మనిషి అవసరం అలాగే ఉంది.

కాగితం మీద రాసినా కంప్యూటర్‌లో రాసినా జీఎస్‌టీ పుస్తకాలు, బిల్లులు ఆ ఏటి వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. 2024–25 వార్షిక రిటర్న్ గడువు 2025 డిసెంబరు 31 కాబట్టి ఆ ఏటి పుస్తకాలు 2031 డిసెంబరు 31 దాకా ఉండాలి. వాటిమీద విచారణో అప్పీలో నడుస్తుంటే అది ముగిశాక ఇంకో ఏడాది దాకా దాచాల్సి రావచ్చు. పాత పుస్తకాలు తూకానికి వేసేముందు ఈ తేదీలు చూసుకోండి.