అనారోగ్యంతో రిటైరయ్యాక పెన్షన్ రూల్స్ మారితే...

సర్వీసులో ఉండగానే పక్షవాతం వచ్చో, చూపు పోయో, ఇక డ్యూటీ చేయలేరని మెడికల్ బోర్డు రాసిస్తే ప్రభుత్వ ఉద్యోగికి వచ్చేది ఇన్‌వాలిడ్ పెన్షన్. సర్వీసు తక్కువ, మందుల ఖర్చు ఎక్కువ. అందుకే కొత్త ఉత్తర్వు వచ్చిందంటే ఈ ఇళ్లలో మొదటి భయం ఒకటే: ఉన్నది తగ్గిస్తారా?

తగ్గించడం తేలిక కాదు. పెన్షన్ సర్కారు దయ కాదు, ఆస్తి హక్కు అని దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. 1997లో రంగధామయ్య కేసు ఇంకా సూటిగా తేల్చింది. రైళ్లు నడిపే సిబ్బంది పెన్షన్ లెక్కలో కలిపే రన్నింగ్ అలవెన్స్‌ను రైల్వే 75 శాతం నుంచి తగ్గించింది. ఉత్తర్వు వచ్చింది 1988 డిసెంబరులో, అమలు మాత్రం 1973 నుంచట! అప్పటికే రిటైరైన వారికి అది చెల్లదని ఐదుగురు జడ్జిల ధర్మాసనం కొట్టేసింది. ఎలా రిటైరయ్యారన్నది కాదు, ఆ రోజు ఏ రూల్ ఉందన్నదే లెక్క. కాబట్టి ఇన్‌వాలిడ్ పెన్షనర్లూ ఈ తీర్పు చూపించుకోవచ్చు.

కోవిడ్ కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెన్షన్లలో కొంత వాయిదా వేస్తే, 6 శాతం వడ్డీతో కట్టమని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

అసలు చిక్కు పెంచే రూల్స్‌తోనే. కేంద్ర ఉద్యోగులకు పదేళ్ల సర్వీసు లేకపోతే ఇన్‌వాలిడ్ పెన్షన్ ఉండేది కాదు, ఒకేసారి గ్రాట్యుటీ ఇచ్చి పంపేవారు. 2019 జనవరి 4న ఆ షరతు తీసేశారు. 2020లో సైనికులకూ వర్తింపజేశారు, కానీ 2019 జనవరి 4న గానీ ఆ తర్వాత గానీ సర్వీసులో ఉన్నవారికే అన్నారు. అంటే 2018లో ఇంటికి పంపిన జవానుకు ఆ ఉత్తర్వుతో ఒరిగేదేమీ లేదు. తేదీ గీత గీసి పెన్షనర్లను అడ్డదిడ్డంగా విడదీయొద్దని 1982లో నకారా కేసు చెప్పింది నిజమే. పూర్తిగా కొత్త ప్రయోజనమైతే తేదీ పెట్టొచ్చని తర్వాతి తీర్పులు అన్నాయి. పైగా రిటైరైన తేదీని బట్టి తేడా చూపే అధికారాన్ని 2025 ఫైనాన్స్ చట్టంతో కేంద్రం తన చేతిలో పెట్టుకుంది. అది కేంద్ర సివిల్ పెన్షనర్ల సంగతి. రాష్ట్ర పెన్షనర్లకు రాష్ట్ర రూల్సే, ఢిల్లీ ఉత్తర్వు దానంతటదే వర్తించదు.

లెక్క తప్పు దిద్దడం వేరే విషయం. ఇకపై ఇచ్చే మొత్తాన్ని సరిచేయొచ్చు. కానీ ఆఫీసు పొరపాటున ఎక్కువ ఇచ్చింది రిటైరైన వారి నుంచి వసూలు చేయకూడదని 2014లో రఫీక్ మసీహ్ కేసులో కోర్టు చెప్పింది. అయితే ఎక్కువొస్తే తిరిగి కడతామని హామీ రాసిచ్చి ఉంటే కథ మారుతుంది, 2016 నాటి మరో తీర్పు ఉంది. సంతకం పెట్టే ముందు చదవాలి.

తగ్గింపు నోటీసు వస్తే ఫోన్లో అడిగి ఊరుకోకుండా, ఏ రూల్, ఏ తేదీ నుంచి, ఎందుకు అని రాతపూర్వకంగా అడగండి. పీపీఓ, మెడికల్ బోర్డు సర్టిఫికెట్, రిటైర్మెంట్ ఉత్తర్వు కాపీలు దానికి జతచేయండి.