పాయింటరుకు క్రొత్త వ్రాత

విజయపురి సౌత్ రేవులో నాగార్జునకొండ వైపు బాణపు గుర్తున్న పలక ఒకటి ఉన్నదనుకొందము. దారి చూపుటే దాని పని. కొండపై శాసనము చదువుటో, శిల్పము చూచుటో అక్కడికి చేరినవారి ఇష్టము. కంప్యూటరు జ్ఞాపకములో ఒక గది చిరునామాను తెలుపు ‘పాయింటరు’ కూడ ఇట్టిదే.

సి వంటి భాషలో వ్రాసిన ప్రోగ్రామును కంపైలరు మొదట ఒక మధ్యభాషలోనికి మార్చి, అక్కడ మెరుగుపరచి, పిదప యంత్రభాషలోనికి దించును. 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున క్రిస్ లాట్నర్, విక్రమ్ ఆడ్వే ప్రారంభించిన ‘ఎల్‌ఎల్‌విఎం’ మధ్యభాషలో పూర్ణాంకమును చూపు పాయింటరుకు ఒక పేరు, దశాంశసంఖ్యను చూపుదానికి మరొక పేరు ఉండెడివి. పలకమీదనే గదిలోని వస్తువు పేరు చెక్కినట్లన్నమాట! అదే గదిని మరొక రకముగా చదువవలెనన్న, చిరునామా మారకున్నను పేరు మార్చుటకొక ఆదేశము వ్రాయవలసివచ్చెడిది. దానివలన యంత్రమునకు ఒరిగినదేమియు లేదు. కంపైలరుకు మాత్రము కాలము, జ్ఞాపకము ఖర్చు.

అయినను ఆ పేరును వెంటనే చెరిపివేయుటకు వీలులేకపోయెను. గదినుండి ఎన్ని బిట్లు తీయవలెనో ఆదేశములు దానినుండియే తెలిసికొనుచుండెను. అందుచేత 2015లో వచ్చిన 3.7వ కూర్పులో, తీయు ఆదేశములోనే రకమును విడిగా వ్రాయు పద్ధతిని ముందు ప్రవేశపెట్టిరి. మిగిలిన పనికి ఏడేండ్లు పట్టెను! 2022లో 15వ కూర్పునుండి పాయింటర్లన్నిటికిని మామూలుగా ‘పిటిఆర్’ అను ఒకే వ్రాత. 2023 నాటి 17వ కూర్పులో రకము పేరున్న పాయింటర్లకు తావు లేదు. ద్విసంఖ్యారూపమున దాచిన పాత ఫైళ్ళను అది దిద్దుకొని చదువును.

ఐఐటి హైదరాబాదు పరిశోధకులు 2020లో ప్రకటించిన ‘ఐఆర్‌2వెక్’ ఈ మధ్యభాషను సంఖ్యల వరుసలుగా మార్చు పద్ధతి. అందులో ఆదేశములకు అందించు పాయింటర్లన్నిటికిని అప్పటికే ఒకే గుర్తు.