కాఫీపొడి రంగు

ఛత్రినాకలో ఒక మ్యాచింగ్ సెంటర్. చీరకొంగు కౌంటర్ మీద పరిచి ఒకామె అడిగింది: "అన్నా, కాఫీపొడి రంగు ఫాల్ ఉందా?" ఆయన లోపలికి కేకేశాడు: "కత్తయి డబ్బా తియ్‌రా!" రంగు ఒక్కటే. ఆమెకు కాఫీపొడి, ఆయనకు పాన్‌లో పూసే కత్తా, అంటే మన కాచు. బడిపుస్తకంలో అదే గోధుమ రంగు.

ఈ రంగును మనం ఏదో ఒక వస్తువుతోనే చెబుతాం. ఐరోపాలోనూ చాలాచోట్ల అంతే. ఫ్రెంచివారి 'మరోన్' చెస్ట్‌నట్ కాయ. రష్యన్ల 'కరీచ్నెవి' దాల్చినచెక్క నుంచి పుట్టింది. గ్రీకుల 'కఫే' అచ్చంగా కాఫీయే.

ఇంగ్లిషు 'బ్రౌన్', జర్మన్ 'బ్రౌన్' మాత్రం అనాదిగా రంగుమాటలే. బీవర్ అనే నీటిజంతువు పేరు, సంస్కృత 'బభ్రు' వాటి తోబుట్టువులు. బభ్రు అంటే గోధుమవన్నె, ముంగిస కూడా. అర్జునుడి కొడుకు బభ్రువాహనుడి పేరులో ఉన్నది ఆ మాటే. 1852లో తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు వెలువరించిన సి.పి. బ్రౌన్ ఇంటిపేరూ ఆ రంగుదే. మన మాటల్ని కాపాడినవాడి పేరుకూ, మన భారతంలోని వీరుడి పేరుకూ వేరు ఒకటే కావడం నాకు ఎంతో ఆనందం.