చేతిగడియారంలో ప్రపంచ కాలం

భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి సుమారు 24 గంటలు పట్టును. అనగా గంటకు 15 డిగ్రీల రేఖాంశం చొప్పున సూర్యుని ఎదుటికి వచ్చును. అందుచేత తూర్పున ఉన్న ఊరికి ముందుగాను, పడమటి ఊరికి తరువాతను మధ్యాహ్నమగును. రైళ్ళు, తంతి రాకముందు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరికే చెల్లినది. దూరపు ఊళ్ళ నడుమ ఒకే పట్టిక ప్రకారం రైళ్ళు నడపవలసి వచ్చినప్పుడు చిక్కు ఏర్పడినది. 1884 అక్టోబరులో వాషింగ్టన్ నగరంలో 25 దేశాల ప్రతినిధులు సమావేశమైనారు. వారిలో అత్యధికులు గ్రీనిచ్ రేఖాంశాన్ని సున్నాగా గ్రహించవలెనని తీర్మానించినారు. ఆ తరువాత క్రమక్రమంగా దేశాలు గ్రీనిచ్‌ను అనుసరించి కాలమండలాలను ఏర్పరచుకొన్నవి.

ఈ మండలాలన్నింటిని ఒక చిన్న యంత్రంలో చూపే ఉపాయాన్ని 1931లో జెనీవా ప్రాంతపు గడియార శిల్పి లూయీ కాటియే కనిపెట్టినాడు. ముఖఫలకం నడుమ ఉన్న ముళ్ళు స్థానిక కాలాన్ని చూపును. వాటి చుట్టూ 1 మొదలు 24 వరకు అంకెలు గల ఒక వలయం కలదు. గంటల ముల్లు రోజుకు రెండుసార్లు తిరుగగా, పళ్ళ చక్రాల మూలమున ఈ వలయం ఎదురు దిశలో ఒకేసారి తిరుగును. దాని వెలుపల నగరాల పేర్లుండును. ఏ నగరానికి ఎదురుగా ఏ అంకె నిలుచునో, అక్కడ అది గంట. నిమిషాలు అన్నిటికీ ఒక్కటే. పటేక్ ఫిలిప్ సంస్థ 1930ల నుండి ఈ యంత్రంతో చేతిగడియారాలు తయారు చేసినది.

నిమిషాలు అన్నిటికీ ఒక్కటే అనుటలోనే ఒక లోపమున్నది. భారతదేశం 1906లో స్వీకరించిన ప్రామాణిక కాలం గ్రీనిచ్ కంటె 5 గంటల 30 నిమిషాలు ముందు. కాకినాడ సమీపంగా పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమే దీనికి ఆధారం. 24 మండలాల గడియారంలో అరగంటకు చోటు లేదు. మనవారు అరగంటను మనస్సులో కలుపుకొనవలసినదే. అరగంట, ముప్పావుగంట తేడాలతో కూడా 37 కాలాలను చూపే గడియారాన్ని వాషరాన్ కాన్స్టాంటిన్ సంస్థ 2011లో తెచ్చినది.

పాత గడియారాలను సేకరించువారు వెల కట్టేది బంగారానికి మాత్రమే కాదు. 1939 నాటి ఒక ప్లాటినం పటేక్ ఫిలిప్ ప్రపంచ కాల గడియారం 2002లో జెనీవా వేలంలో సుమారు 66 లక్షల స్విస్ ఫ్రాంకులకు అమ్ముడైనది. చేతిగడియారాలలో ఆనాటికి అదే అత్యధిక ధర. ఇట్టి గడియారంలో యంత్రమెంత ముఖ్యమో, నగరాల పట్టిక అంత ముఖ్యం.

ఒక ఉదాహరణ చూడండి. ఫ్రాన్సు 1911 నుండి గ్రీనిచ్ కాలాన్నే పాటించినది. 1940లో జర్మను ఆక్రమణతో పారిస్ గడియారాలు జర్మను కాలానికి మారినవి. యుద్ధం ముగిసిన తరువాత కూడా ఫ్రాన్సు పాత కాలానికి తిరిగి పోలేదు. కాబట్టి 1930ల నాటి పలకపై పారిస్, లండన్ ఒకే మండలంలో కనిపించినచో అది పనివాని పొరపాటు కాదు, ఆనాటి నిజం. చూడముచ్చటగా ఉండుటకై ఆ పలకను తీసివేసి, నేటి పట్టికతో కొత్తది అమర్చినవాడు గడియారాన్ని బాగుచేయలేదు. ఒక చారిత్రక సాక్ష్యాన్ని చెరిపివేసినాడు.

రేఖాంశాలు ప్రకృతి నియమాన్ని అనుసరించును. కాలమండలాలు మనుష్యుల ఒడంబడికలు. పటం మీద వాటి సరిహద్దులు వంకరటింకరగా ఎందుకున్నవని విద్యార్థి అడిగినప్పుడు, ఉపాధ్యాయుడు చూపదగిన మంచి సాధనం ఇట్టి పాత గడియారపు బొమ్మ.